పరాయి ఊరిలో ఒక సంవత్సరపు చదువు

పై చదువులకై సముద్రములు దాటి పోవుట మనవారికి నేడు వింత కాదు. ఒకే వీథిలో రెండు మూడు ఇండ్లవారి బిడ్డలు పరదేశములలో నుండుట సామాన్యమైపోయినది. కాని పట్టము మొత్తము అక్కడనే చదివి తెచ్చుకొనుట ఒక పద్ధతి. స్వదేశపు కళాశాలలో పేరుండగనే, ఆరు మాసములో సంవత్సరమో పరదేశ విశ్వవిద్యాలయమున చదివి, తిరిగి వచ్చి ఇక్కడి చదువును ముగించుట మరియొక పద్ధతి. ఈ రెండవదానిని విద్యార్థి వినిమయ మందురు. ఇంటిలో ఇట్టి ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దలడుగు ప్రశ్నలు రెండు. “వాడక్కడ చదివింది ఇక్కడ లెక్కకు వస్తుందా, లేక ఏడాది దండగేనా?” అనునది మొదటిది. “ఉండటానికి చోటెక్కడ దొరుకుతుంది?” అనునది రెండవది. విశాలదృష్టి, సంస్కృతి, దేశముల మైత్రి మొదలగు పెద్ద మాటలు చెప్పువారు ఈ ప్రశ్నలను తేలికగా చూచుట కలదు. మా అభిప్రాయమున ఇంతకంటె సరియైన ప్రశ్నలు లేవు. ఐరోపావారు ఎనిమిది వందల ఏండ్లకు పైగా ఈ రెండు ప్రశ్నలతోనే కుస్తీ పట్టుచున్నారు. ఆ కుస్తీ యంతయు ఒక్క ఊరి చరిత్రలో చూడవచ్చును. ఆ ఊరు ఇటలీ దేశములోని బొలోన్యా.

ఉత్తర ఇటలీలో పో నది మైదానము ముగిసి అపెన్నీను కొండలు మొదలగు చోట ఈ నగరము కలదు. జనసంఖ్య 4 లక్షలకు కొంచెము తక్కువ. సమీప పట్టణములలోని శాఖలను గూడ కలుపుకొన్నచో దీని విశ్వవిద్యాలయమున చదువువారు సుమారు 90 వేలమంది. ఇటలీవారు ఈ నగరమునకు మూడు ముద్దుపేర్లు పెట్టిరి: పండితురాలు, బొద్దుగా నుండునది, ఎఱ్ఱనిది. మొదటి పేరు విశ్వవిద్యాలయమును బట్టియు, రెండవది భోజనమును బట్టియు వచ్చినవి. మూడవది ఇటుక గోడల రంగును, ఇండ్ల పెంకుల రంగును బట్టి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత చాలకాలము కమ్యూనిస్టులు నగరపాలన చేయుటచే ఆ పేరునకు మరియొక అర్థము గూడ కుదిరినది.

విశ్వవిద్యాలయము 1088లో పుట్టినదని చెప్పుదురు. నిజమునకు ఆ సంవత్సరమును నిర్ణయించినది పందొమ్మిదవ శతాబ్దము. 1888లో ఎనిమిదవ శతవార్షికోత్సవము జరుపదలచి, కవి జొసుయె కార్దూచ్చీ అధ్యక్షతన ఒక సంఘము కూర్చుండి ఆ తేదీని స్థిరపరచెను. ఉత్సవమునకు ముహూర్తము ముందు, జాతకము తరువాత! ఏమైనను పదకొండవ శతాబ్దపు చివరి నాటికి అచ్చట న్యాయశాస్త్ర బోధన ఆరంభమైనది. ఇర్నేరియస్ అను పండితుడు, ఆరవ శతాబ్దమున జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమను ధర్మశాస్త్ర సంపుటములకు వ్యాఖ్యానము చెప్పుచుండెను. ఆ శాస్త్రము తెలిసినవానికి రాజుల కొలువులందును, బిషప్పుల కచేరీలందును మంచి స్థానము దొరకెడిది. అందుచే ఆల్ప్సు పర్వతములు దాటి జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములనుండి విద్యార్థులు వచ్చిరి. వీరు మీసములు రాని బాలురు కారు. పలువురు ఇరువది దాటినవారు. కొందరు స్వదేశమున చర్చి ఉద్యోగములందు కుదిరినవారు.

వచ్చినవారికి చిక్కులు ఊరి పొలిమేరలోనే ఎదురయ్యెను. ఆ కాలపు నగరములలో చట్టము పౌరుని సొత్తు. పరదేశికి దానిలో పాలు లేదు. దానికి తోడు ఒక విపరీతమైన ఆచార ముండెను. ఒక జర్మను వర్తకుడు బొలోన్యా షావుకారునకు బాకీపడి పారిపోయెననుకొందము. ఆ షావుకారు, ఊరిలో కనబడిన మరియొక జర్మనును, అతడు ఏ పాపము నెరుగని విద్యార్థియైనను సరే, పట్టుకొని అతని సామాను జప్తు చేయింపవచ్చును. పుస్తకములు చేతితో వ్రాయు దినములవి; ఒక్కొక్క న్యాయగ్రంథము విలువ సామాన్యము కాదు. విద్యార్థి సామానులో షావుకారు కన్ను మొదట దేనిపై పడెడిదో చెప్పనక్కరలేదు. ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి 1155 ప్రాంతమున రచింపించి 1158లో ప్రకటించిన ఒక శాసనము ఈ అన్యాయమును నిషేధించెను. ‘హబీతా’ అని దాని పేరు. విద్యకై ప్రయాణము చేయువారికి రాజరక్షణ కలదనియు, స్వదేశస్థుల బాకీలకై వారిని బాధింపరాదనియు, వారిపై వ్యాజ్యము వచ్చినచో తమ గురువు ఎదుటనో ఆ ఊరి బిషప్పు ఎదుటనో విచారణ కోరుకొనవచ్చుననియు అందు కలదు. ఫలానివాని కొడుకు, ఫలాని ఊరివాడు అని కాక, విద్యార్థి అయినందుననే ఒకనికి చట్టము ఎదుట స్థానము కలుగుట ఇందలి విశేషము.

అయితే శాసనము ఒక తోలుముక్కపై ఉండును. చక్రవర్తి ఆల్ప్సుకు ఆవల ఉండును. కనుక విద్యార్థులు తమ రక్షణను తామే చూచుకొనిరి. ఒక్కొక్క దేశమువారు ఒక్కొక్క సంఘము కట్టిరి. ఆ సంఘములు కలిసి రెండు మహాసంఘములాయెను: ఆల్ప్సుకు ఇవతలివారి దొకటి, అవతలివారి దొకటి. ఇట్టి మహాసంఘమునకే ‘యూనివర్సితాస్’ అని పేరు. నేడు మనము వాడుకలో యూనివర్సిటీ అను మాట దానినుండియే వచ్చినది. మొదట ఆ మాటకు భవనములతో గాని గ్రంథాలయముతో గాని సంబంధము లేదు. కట్టుబాటు గల ఒక వృత్తిసంఘమని మాత్రమే అర్థము. కమసాలులకు, నేతగాండ్రకు సంఘమున్నట్లే ఇది విద్యార్థులకు సంఘము. దాని అధ్యక్షుడైన రెక్టరు విద్యార్థులలో ఒకడు. అధ్యాపకులు అతనికి విధేయులమై యుందుమని ప్రమాణము చేయవలసియుండెను. పాఠము ఆలస్యముగా ప్రారంభించినచో జరిమానా. ముగింపు గంట దాటి చెప్పినను జరిమానా. కఠినమైన భాగమును తప్పించి ముందుకు పోయినను తప్పే. ఊరు విడిచి పోవలసినచో, తిరిగి వత్తునని హామీగా కొంత ధనము కట్టి పోవలెను. ఈ భాగము వ్రాయునప్పుడు మాకు చదువు చెప్పిన కొందరు ఆచార్యులు జ్ఞప్తికి వచ్చిరి. వారి పేర్లు చెప్పము.

పరాయి ఊరిలో, ఆస్తిపాస్తులు లేని యువకులకు ఇంత బలమెట్లు వచ్చినది? ఆస్తిపాస్తులు లేకపోవుటయే వారి బలము. పాఠములు అధ్యాపకుల ఇండ్లలోను, అద్దె గదులలోను జరుగుచుండెను. పెద్ద సభలైనచో ఏదో ఒక చర్చిలో. కనుక అందరును మూటాముల్లె కట్టుకొని మరియొక ఊరికి పోవుట సులభము. వారు పోయినచో ఇంటివారికి అద్దె పోవును, పూటకూటి ఇండ్లకు గిరాకి పోవును, గ్రంథములకు నకళ్ళు వ్రాయు లేఖకులకు పని పోవును. ఇది ఉత్త బెదరింపు కాదు. 1222లో కొందరు లేచిపోగా పాదువా విశ్వవిద్యాలయము పుట్టినది. 1321లో ఒక విద్యార్థికి నగరాధికారులు మరణశిక్ష అమలుజరుపగా అనేకులు సియెనా నగరమునకు తరలిపోయిరి. బొలోన్యా దిగివచ్చి రాజీ చేసికొనవలసి వచ్చెను.

ఇక బస సంగతి. విద్యార్థులు పెరిగినకొలది అద్దెలు పెరిగెను. ఒకరు కాపురమున్న ఇంటికి మరియొకరు హెచ్చు అద్దె చూపి మొదటివారిని లేవగొట్టించుట అప్పుడే మొదలైనది. చేసినవారు ఇతరులు కారు, తోటి విద్యార్థులును అధ్యాపకులునే. 1189లో పోపు మూడవ క్లెమెంట్ దీనిని నిషేధించుచు ఆజ్ఞ పంపెను. తరువాతి కాలమున విద్యార్థుల పక్షమున కొందరును, పౌరుల పక్షమున కొందరును కూర్చుండి ఇండ్లకు అద్దె నిర్ణయించు పద్ధతి ఏర్పడెను. ఇండ్లు చాలకపోవుట వలన మరియొక ఫలితము కలిగినది. అది నేటికిని ఆ నగరమున అడుగడుగున కనబడును. మేడపై గదిని వీథిలోనికి ముందుకు జరిపి, దాని క్రింద కొయ్య స్తంభములు నిలిపినచో, నేల కొనకయే ఒక గది అదనముగా వచ్చును. ఇట్లు ఎవరికి వారు కట్టుకొనుచుండగా నగరపాలకులు 1288లో దానిని అడ్డగింపక నియమముగనే మార్చివేసిరి: క్రొత్త ఇల్లు కట్టువాడు వీథివైపున, గుఱ్ఱపు రౌతు తల వంచకుండ పోగల ఎత్తున వసారా కట్టి తీరవలెను, ఆ వసారా సొంతదారునిదే, నడచుట మాత్రము అందరిది. నేడు బొలోన్యాలో ఈ వసారాల పొడవు మొత్తము 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వానిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. జడివానలో గొడుగు లేకుండ ఊరంతయు తిరుగవచ్చునని చూడవచ్చినవారు మెచ్చుకొందురు. ఆ వసారాల మీది గదులలో ఎందరో పరదేశ విద్యార్థులు చలికి వణకుచు చదివిరని గూడ జ్ఞాపక ముంచుకొనవలెను.

ధనవంతుల దానములు కొందరి కష్టమును తీర్చెను. స్పెయిను దేశపు కార్డినల్ అల్బోర్నోజ్ తన 1364 నాటి మరణశాసనముచే స్పెయిను విద్యార్థులకై ఒక వసతిగృహము ఏర్పరచెను. ఆరున్నర శతాబ్దములు దాటినను ఆ గృహము ఉన్నచోటనే ఉండి, నేటికిని స్పెయిను విద్యార్థులకే బస ఇచ్చుచున్నది. మన సత్రములకు భూములు వ్రాసియిచ్చిన దాతలు వింటే ఎంత అసూయపడుదురో!

బస దొరకినను, చదువు ముగిసినను, మొదటి ప్రశ్న మిగిలియే యున్నది. ఈ పట్టమునకు మా ఊరిలో విలువ యేమి? దీనికి ఆ కాలమున సమాధానము చెప్పినది పోపు. 1219లో మూడవ హొనోరియస్, బొలోన్యా చర్చి అధికారి అనుమతి లేక ఎవరికిని పట్టమీయరాదని విధించెను. 1291లో నాలుగవ నికొలాస్, బొలోన్యా పట్టభద్రుడు మరల పరీక్ష ఇయ్యనక్కరలేకుండ ఎక్కడనైనను బోధింపవచ్చునని అధికారమిచ్చెను. ఆచరణలో ప్రతి విశ్వవిద్యాలయమును దీనిని మన్నించెనని కాదు. అయినను, ఒకచోటి చదువు మరియొకచోట చెల్లవలెనను సూత్రము ఏడు శతాబ్దముల క్రిందటనే కాగితమునకెక్కినది. దానిని చక్కగా వాడుకొన్నవారిలో కోపర్నికస్ ఒకడు. పోలండులోని తోరూన్‌లో పుట్టి, క్రాకోలో చదివి, 1496లో బొలోన్యాకు వచ్చి, జర్మను విద్యార్థుల సంఘమున పేరు వ్రాయించుకొనెను. వచ్చినది చర్చి న్యాయశాస్త్రము చదువుటకు. కాని దొమెనికో మరియా నొవారా అను ఖగోళ పండితునితో చేరి, 1497 మార్చి 9వ తేదీ రాత్రి చంద్రబింబము రోహిణీ నక్షత్రమును కప్పుటను పరిశీలించెను. పిదప పాదువాలో వైద్యము చదివెను. చివరకు 1503లో న్యాయశాస్త్ర పట్టమును పుచ్చుకొన్నది ఈ రెండు చోట్ల కాదు, ఫెరారాలో! చదివినది ఒకచోట, పరీక్ష మరియొకచోట, ఉద్యోగము స్వదేశమున. నేటి ఏ కచేరీ గుమాస్తా ఎదుట ఈ కాగితములు పెట్టినను కండ్లద్దాలు తీసి తుడుచుకొనును.

బొలోన్యాలో ఆర్కిజిన్నాసియో అను భవనము కలదు. విశ్వవిద్యాలయమునకు మొదటి సొంత కట్టడ మది, 1563లో పూర్తియైనది. దాని గోడలును, పైకప్పును వేలకొలది చిత్రఫలకములతో నిండియున్నవి. అవి రాజుల బిరుదచిహ్నములు కావు. అక్కడ చదివిన విద్యార్థుల కుటుంబ చిహ్నములు, పేర్లు, ఊర్లు. 1944 జనవరిలో బాంబులు పడి ఈ భవనమున కొంత భాగమును, కొయ్యతో నిర్మించిన శరీరశాస్త్ర శాలయును ధ్వంసమయ్యెను. శిథిలములనుండి ఏరిన ముక్కలతోనే వానిని మరల నిలిపిరి.

ఆ గోడలపై పేర్లు చెక్కించుకొన్నవారి కాలము తరువాత దేశములు తమ తమ విద్యావిధానములను గట్టిపరచుకొని, పొరుగుదేశపు పట్టమును అనుమానముతో చూచుట నేర్చినవి. ఆ కథ విస్తరింప నక్కరలేదు. దాని పర్యవసానమును ఒక యువతి అనుభవించిన విధమును చెప్పిన చాలును. రోము నగరమున న్యాయశాస్త్రము చదువుచున్న సోఫియా కొర్రాదీ, ఫుల్‌బ్రైట్ వేతనముపై 1957లో అమెరికాకు పోయి, కొలంబియా విశ్వవిద్యాలయమున తులనాత్మక న్యాయశాస్త్రము చదివి పట్టము పొందెను. 1958లో తిరిగి వచ్చి, ఆ చదువును తన ఇటలీ పట్టమునకు లెక్కింపుడని కోరగా, విశ్వవిద్యాలయమువారు నిరాకరించిరి. నలుగురి ఎదుట ఆమెకు చిన్నతనము గూడ జరిగెను. ఇట్టి అవమానము జరిగినప్పుడు మనలో చాలమంది ఇంటికి వచ్చి ఏడ్చి, మరునాడు ఊరుకొందురు. ఆమె ఊరుకొనలేదు. చదువు ముగించి, ఇటలీ విశ్వవిద్యాలయాధ్యక్షుల సమితికి సలహాదారుగా చేరి, పరదేశమున వ్రాసిన పరీక్షలను స్వదేశపు పట్టమునకు లెక్కింపవలెనని విన్నపములు వ్రాయుచు, మంత్రులకును అధికారులకును చెప్పుచు, దాదాపు ఇరువది ఏండ్లు గడపెను. 1976లో ఐరోపా సమాజము కొన్ని విశ్వవిద్యాలయముల నడుమ ఉమ్మడి పాఠ్యక్రమములకు ధనసహాయ మారంభించెను. 1987లో ‘ఎరాస్మస్’ పథకము వచ్చెను. మొదటి సంవత్సరమున 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు పోయిరి. నాటినుండి పథకము విస్తరించి, అధ్యాపకులను, వృత్తివిద్య నేర్చువారిని గూడ కలుపుకొన్నచో, ప్రయోజనము పొందినవారు కోటిన్నరకు పైబడిరి. ఇటలీలో కొర్రాదీని ఎరాస్మస్ అమ్మ అని పిలుచుట వాడుక.

పథకమునకు పెట్టిన పేరు పొడుగైన ఇంగ్లీషు పేరులోని అక్షరముల కూర్పు. దానిని పదునారవ శతాబ్దపు డచ్చి పండితుడైన ఎరాస్మస్ పేరు వచ్చునట్లు కూర్చిరి. ఆ పండితుడును 1506లో బొలోన్యాకు వచ్చినవాడే. ఆయన వచ్చిన నవంబరు మాసముననే పోపు రెండవ జూలియస్ సైన్యముతో, విజయోత్సవముతో నగర ప్రవేశము చేసెను. చదువుకొరకు వచ్చి యుద్ధము చూడవలసి వచ్చిన విద్యార్థులు ఏ కాలముననైనను ఉందురు కాబోలు.

ఇంతకు, నేటి వినిమయ విద్యార్థి చదువు ఎట్లు లెక్కకు వచ్చును? కీలకము క్రెడిటు అను కొలమానమునందున్నది. ఐరోపాలో 1989లో ప్రయోగముగా మొదలై స్థిరపడిన ఈ పద్ధతిలో ఒక సంవత్సరపు పూర్తి చదువు 60 క్రెడిట్లు. ఇటలీలో ఒక క్రెడిటు అనగా 25 గంటల పని. తరగతిలో విన్న గంటలు మాత్రమే కాదు, ఇంటిలో చదివిన గంటలును, పరీక్షకు సిద్ధపడిన గంటలును ఇందులో చేరును. మా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. పుస్తకము పేరు, ఆచార్యుని పేరు, పాఠ్యక్రమములోని అధ్యాయములు ఒక్కొక్కటి పోల్చి చూడబోయినచో ఏ రెండు విశ్వవిద్యాలయముల పాఠములును సరిపోవు. విద్యార్థి పడిన శ్రమను కొలిచినచో పోల్చుటకు ఒక ఆధారము దొరకును. తూకపురాళ్ళు వేరైనను కాటా ఒకటే అయినట్లు.

రెండవ కీలకము చదువు ఒప్పందము. విద్యార్థి బయలుదేరుటకు ముందే, అక్కడ తాను చదువబోవు పాఠములు ఏవి, అవి ఇక్కడ దేనికి బదులుగా లెక్కించబడును అను విషయములు వ్రాసి, విద్యార్థి, స్వదేశ విశ్వవిద్యాలయము, పరదేశ విశ్వవిద్యాలయము మూవురును సంతకములు చేయుదురు. అక్కడికి పోయిన తరువాత ఒక పాఠము ఆ సంవత్సరము లేదని తెలియుట, రెండు పాఠములు ఒకే వేళకు పడుట తరచు జరుగును. అప్పుడు ఒప్పందమును మార్చి మరల మువ్వురి సంతకములు తీసికొనవలెను. దీనిని బద్ధకించి, తిరిగి వచ్చిన తరువాత సర్దుకొందమనుకొన్నవారే చిక్కులలో పడుదురు. జీతము స్వదేశ విశ్వవిద్యాలయమునకు కట్టిన చాలును. పరదేశమున మరల కట్టనక్కరలేదు. ఇచ్చు వేతనము మాత్రము ఖర్చులన్నిటికి సరిపోవునది కాదు, వేడినీళ్ళకు చన్నీళ్ళ తోడు వంటిది. 1999 జూన్ 19వ తేదీన 29 దేశముల ప్రతినిధులు బొలోన్యాలోనే కూడి, పట్టముల అంతస్తులను, క్రెడిట్లను ఒక్క తీరునకు తెత్తుమని ప్రకటన చేసిరి. ఊరి ఎన్నికలో ఔచిత్య మున్నది.

అక్కడి పరీక్ష మన విద్యార్థికి మొదట దడ పుట్టించును. ఇటలీలో అనేక పరీక్షలు నోటితో చెప్పవలసినవే. ఆచార్యుని ఎదుట కుర్చీలో కూర్చుండవలెను. వెనుక తోటివారు వినుచుందురు. మార్కులు 30కి, 18 వచ్చిన ఉత్తీర్ణత. మిక్కిలి బాగుగా చెప్పినవానికి 30తో పాటు ప్రశంస యని వ్రాయుదురు. ఇందొక వింత కలదు. ఆచార్యుడు 23 అని చెప్పినప్పుడు, విద్యార్థి “వద్దండీ, మళ్ళీ వస్తాను” అని సవినయముగా మార్కును త్రోసిపుచ్చి, తరువాతి పర్యాయము మరల పరీక్షకు కూర్చుండుట సాధారణము. మార్కును వద్దనుట ఏమిటని మనకు ఆశ్చర్యము. అచ్చటివారికి మార్కులు వచ్చువరకు ఊపిరి బిగపట్టి కూర్చుండు మన పద్ధతియే ఆశ్చర్యము. పాఠములు పట్టికలో వేసిన వేళకు పావుగంట తరువాత మొదలగుట గూడ అక్కడి సంప్రదాయము. వెనుకటి రెక్టరులు చూచిన ఎన్ని జరిమానాలు విధించియుందురో!

చదువు లెక్కకు వచ్చు దారి ఇట్లు చాలవరకు సుగమమైనది. బస ప్రశ్న మాత్రము 1189లో నున్నచోటనే ఉన్నదని చెప్పవలెను. 2023 మే మాసమున మిలాన్ నగరములో అద్దెలు భరింపలేక విద్యార్థులు విశ్వవిద్యాలయము ఎదుట గుడారములు వేసికొని పండుకొనిరి. ఆ ఉద్యమము బొలోన్యాకును పాకెను. పాత నగరములోని గదులు యాత్రికులకు రోజు అద్దెకు ఇచ్చినచో వచ్చు ఆదాయము, విద్యార్థికి నెల అద్దెకు ఇచ్చినచో రాదు. సంవత్సరమంతయు ఉండువానికి ఇచ్చుటకు మొగ్గుచూపు ఇంటివారు, ఒక్క ఆరు మాసములకు వచ్చు పరదేశిని చివర చూతురు. వేసవిలోనే వెదకుట ఆరంభింపవలెను. ఇల్లు చూడకుండ, ఒడంబడిక లేకుండ, ఎవరో పంపిన చిత్రములు చూచి బయానా ధనము పంపరాదు. మొదటి రెండు మూడు వారములు తాత్కాలిక బసలో దిగి, అక్కడనే తిరిగి వెదకుట మేలు. పాఠములు ఇంగ్లీషులో జరిగినను ఇంటి యజమానురాలు ఇంగ్లీషు మాట్లాడదు; కనుక ఇటాలియను భాష కొంత నేర్చియే పోవలెను. ఐరోపా సమాఖ్యకు చెందని మనబోటివారు దీర్ఘకాల ప్రవేశపత్రముపై పోయినప్పుడు, చేరిన ఎనిమిది పనిదినములలో నివాసానుమతికి దరఖాస్తు పెట్టుకొనవలెను. అద్దె కాగితమునకు, బ్యాంకు ఖాతాకు పన్నుల శాఖవారిచ్చు సంఖ్య ఒకటి కావలెను. పరదేశికి చట్టము ఎదుట స్థానము కల్పించుటకు చక్రవర్తి శాసనము చేసిన పని నేడు ఈ చిన్న కాగితములు చేయుచున్నవి. వీనిని చులకన చేయరాదు.

భోజనము విషయమున ఒక్క మాట. ఈ ఊరి ప్రసిద్ధ వంటకమైన తోర్తెల్లీనిలో పందిమాంసము కూరుదురు. మాంసపు రసములో ఉడికింతురు. శాకాహారులు జున్ను కూరిన తోర్తెల్లోనిని అడుగవలెను. రెండు పేర్లకును భేదము అర అక్షరమే, కాని పొరబడినచో భోజనమంతయు పోవును.

మన విద్యార్థులకు ఈ దారి రెండు విధముల తెరచియున్నది. 2004లో ఆరంభమైన ఎరాస్మస్ ముందుస్ పద్ధతిలో, ఐరోపాకు వెలుపలివారు గూడ, కనీసము రెండు దేశముల విశ్వవిద్యాలయములలో చదివి ఉమ్మడి పట్టమును పొందవచ్చును. భారతదేశమునుండి ఎన్నికైనవారి సంఖ్య చెప్పుకోదగినంత ఉన్నది. రెండవది, ఇక్కడి కళాశాలకును అక్కడి విశ్వవిద్యాలయమునకును నడుమ ఒప్పందమున్నచోట ఒక చదువుకాలమునకు పోవుట. మన విశ్వవిద్యాలయముల నడుమనే ఒకచోటి నుండి మరొకచోటికి మారవలెనన్న మైగ్రేషన్ సర్టిఫికెట్టు కొరకు ఎన్ని కిటికీల ఎదుట నిలువవలెనో ఇంటింటివారికిని తెలియును. ఇటీవల కొంత మార్పు వచ్చినది. 2021లో క్రెడిట్లను దాచుకొను విద్యానిధి ఏర్పడినది. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, పరదేశ సంస్థలతో కలిసి నడుపు జంట పాఠ్యక్రమములలో 30 శాతము వరకు క్రెడిట్లను అక్కడ సంపాదింపవచ్చునని నియమము చేసినది. నియమ మున్నంత మాత్రమున ప్రతి కళాశాలలోను అది అమలులో నున్నదని భావింపరాదు. కనుక, “అక్కడ చదివింది ఇక్కడ లెక్కకు వస్తుందా?” అని అడుగు తండ్రి, ఆ ప్రశ్నను కొడుకుతో ఆపక, కళాశాలకు పోయి అడిగి, ఏ పాఠమునకు ఏ పాఠము బదులో వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. విమానపు చీటీ కొనుట ఆ తరువాతి పని.

బొలోన్యా విద్యార్థులలో ఒక నమ్మక మున్నది. నగరమధ్యమున పన్నెండవ శతాబ్దపు గోపురములు రెండు కలవు. వానిలో ఎత్తైనది అసినెల్లి. 97 మీటర్లు, 498 మెట్లు. పట్టము పొందకముందు దాని నెక్కినవానికి ఇక పట్టము రాదని చెప్పుకొందురు. అందుచే ఊరి విద్యార్థులు, చదువు ముగిసి తలపై ఆకులదండ పెట్టుకొన్ననాటి వరకు ఆ గుమ్మము తొక్కరు. వినిమయ విద్యార్థికి మాత్రము ఇది పెద్ద సంకటము: పట్టము స్వదేశమునకు పోయిన తరువాత గాని రాదు, గోపురము ఇక్కడ ఉన్నది. కొందరు మొక్కుబడి లేకుండ ఎక్కివేసిరి. కొందరు మరల వత్తుమనుకొని తిరిగి వెళ్ళిరి. 2023 అక్టోబరులో, ప్రక్కనే ఒరిగియున్న గారిసెండా గోపురమునకు ప్రమాదమున్నదని కనుగొని, బాగుచేయుటకై ఆ చుట్టుపట్ల చోటును, దానితోపాటు అసినెల్లి మెట్లను మూసివేసిరి. అప్పటినుండి పట్టము వచ్చినవారును, రానివారును సమానముగా క్రిందనే నిలిచి చూడవలసి వచ్చినది.